కోడిపుంజు కలిపిన మూడు బీరువాలు

ఎనభైల నాటి శాఖా గ్రంథాలయం నల్లగొండ వైపు చూసినా, పాలమూరు వైపు చూసినా దాదాపు ఒకే తీరు. పొడుగాటి అర్ర, నడుమ రెండు బల్లలు, గోడ వెంట ఇనుప బీరువాలు, కర్ర పట్టీలకు బిగించిన పేపర్లు. శుక్రవారం సెలవు. తతిమ్మా రోజుల్లో పొద్దున కొంతసేపు, మళ్లీ ఎండ వాలినంక. ఇంటిపన్నులో రూపాయికి కొన్ని పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉండేది. ఊళ్లో వసూలైన ఆ పైసలు జిల్లాకు సక్రమంగా చేరితే కొత్త పుస్తకాలు వచ్చేవి, చేరకపోతే పాతవాటికే కొత్త అట్టలు పడేవి. పుస్తకం లోపల ఆర్.ఆర్.ఆర్.ఎల్.ఎఫ్. అని ముద్ర కనిపిస్తే అది 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ వాటా కింద వచ్చిందని లెక్క. ఇంగ్లీషు చరిత్ర పుస్తకాలు, ఆటల పుస్తకాలు చిన్న ఊళ్లకు చాలావరకు ఆ దారినే చేరాయి.

చరిత్ర బీరువా ఎప్పుడూ లైబ్రేరియన్ బల్లకు దగ్గరగా ఉండేది. పరీక్షలకు చదివేవాళ్లు పేజీలు చింపుతారని భయం. ఆటల పుస్తకాలకు బీరువా కూడా ఉండదు, ఒక అర, అందులోనూ సగం రూల్సు పుస్తకాలే. తెల్లవాళ్లు నల్లవాళ్లు, బానిసత్వం, జాతి వివక్ష వగైరా పుస్తకాలకైతే ఒక చోటంటూ లేదు. విషయాన్ని బట్టి పుస్తకాలకు డ్యూయీ నంబర్లు వేసే పెద్ద లైబ్రరీలో కూడా పాత ముద్రణల ప్రకారం 301.451 వేసినవి ఒక మూలన, 1979 తర్వాతి పద్ధతిలో 305.8 వేసినవి ఇంకో మూలన పడేవి. భారతదేశ చరిత్ర 954, ఆటలు 796. ఈ మూడింటి నడుమ ఎన్ని బీరువాల దూరమో ఆ అంకెలే చెబుతాయి. ఆ దూరం నంబర్లు వేసినవాళ్లు పెట్టిందే గాని, పుస్తకాల్లో ఉన్నది కాదు. మూడూ కలిపి చదివినవాళ్లకు ఈ సంగతి మొదట తట్టేది సాధారణంగా ఒక కోడిపుంజు దగ్గర.

అలెక్స్ హేలీ 1976లో రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని సహవాసి కుదించి 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేస్తే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. దీన్ని ఎక్కువ చోట్ల నవలల బీరువాలో పెట్టేవారు. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే ఊళ్లో డోలు కోసం కట్టె కొట్టడానికి పోయిన కుంటా కింటేను పట్టుకుని, ఓడలో గొలుసులు వేసి, 1767లో అమెరికాలో దించుతారు. అతని మనవడు కోడి జార్జి. యజమాని పుంజులను సాకి, తర్ఫీదిచ్చి పందేలకు దింపడం అతని పని. ఆ పందేల్లో యజమానికి వచ్చిన డబ్బులోంచి కొంత దాచుకుని కుటుంబాన్ని విడిపించుకోవాలని అతని ఆశ. చివరికి ఒక పెద్ద పందెం ఓడిన యజమాని, ఆ బాకీ కింద జార్జినే ఇంగ్లండు ప్రభువు వెంట పంపేస్తాడు. ఇది ఆటా, చరిత్రా, జాతి సంగతా అంటే ఏ బీరువా తలుపు తీయాలి?

ఇప్పుడు చరిత్ర బీరువాలోంచి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీయండి. పాలమూరు జిల్లా మనిషి, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టినవాడు, 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను ఒకచోటికి తెచ్చినవాడు. 1949లో వచ్చిన ఈ సాంఘిక చరిత్రకే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం ఇదే. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని వెతికిన పుస్తకం. కాకతీయుల కాలం గురించి చెప్పేటప్పుడు ఆయన శాసనాలతో ఆగలేదు. ఓరుగల్లు వీధుల్ని చూపించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామం తెరిచి అందులోని కోడిపందేల్ని, పొట్టేళ్ల పందేల్ని సాక్ష్యంగా పట్టుకున్నాడు. పల్నాటి కథలోనూ కోడిపందెం మీదే రాజ్యం పోయింది గదా. ఈ పుస్తకం చదివిన చేత్తోనే కోడి జార్జి అధ్యాయం చదివితే, పందెంలో పుంజు ఎవరిది, చచ్చేదెవరు, గెలిచిన సొమ్ము ఎవరి మూటలోకి పోతుంది అనే మూడు ప్రశ్నలు రెండు పుస్తకాలకూ సమానంగా తగులుతాయి.

సురవరం పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదవబోయి తూర్పు చాళుక్యుల దగ్గరే మూసేసినవాళ్లు చాలామంది. అది వెనక నుంచి చదవాల్సిన పుస్తకం. 1757 తర్వాతి అధ్యాయాలు ముందు చదివితే, మనకు తెలిసిన ఊరు, మనకు తెలిసిన ఆటలు, తిండి కనిపిస్తాయి. అక్కడి నుంచి ఒక్కో యుగం వెనక్కి నడిస్తే కాకతీయుల ఓరుగల్లు కూడా పరాయి ఊరు అనిపించదు. కింద అధస్సూచికల్లో ఇచ్చిన పద్యాలను దాటేయొద్దు. ఆయన వాదనకు బలం అంతా వాటిలోనే ఉంది.

'ఏడు తరాలు' ఈ జిల్లాల్లో అంతగా చేతులు మారడానికి కారణం అనువాదం సులువుగా ఉండటం ఒక్కటే కాదు. కుంటా కింటేకు సొంత పేరు తీసేసి టోబీ అని పేరు పెట్టే ఘట్టం ఉంది. మల్లయ్యను మల్లిగాడని, ఎల్లమ్మను ఎల్లి అని దొర గడిలో పిలిచిన కాలం చూసిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు అప్పటికి. వెట్టి, భగేలా, నాగువడ్డీ మాటలు చరిత్ర పుస్తకంలో పారిభాషిక పదాలు, ఊళ్లో మాత్రం తాతల బతుకు. భగేలా అంటే అప్పు కింద మనిషే జీతానికి కుదిరి, ఆ అప్పు తీరక కొడుకుకూ అంటుకోవడం. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేసింది గాని, కాగితం మీది చట్టానికీ దొర వాకిలికీ నడుమ పటేలు, పట్వారీ ఉన్నారు. పాలమూరు వైపు ఇంకో తోవన అర్థమయ్యేది. గుంపు మేస్త్రీ చేతి నుంచి అడ్వాన్సు తీసుకుని, ఎక్కడో రాష్ట్రం అవతల డ్యాం కట్ట మీదికి లారీ ఎక్కే కూలి కుటుంబాలు ఉన్న ఊళ్లో, ఓడ అడుగున మనుషుల్ని వరసగా పడుకోబెట్టిన అధ్యాయం ఊరికే చదివి పెట్టేసేది కాదు. రెండూ ఒకటే అని చెప్పడం తప్పు. లారీ ఎక్కినవాడు పండక్కి తిరిగొస్తాడు, ఓడ ఎక్కినవాడు రాడు. కానీ ఆ తేడా ఎంతో తెలియాలన్నా రెండు పుస్తకాలూ పక్కపక్కన ఉండాలి.

ఒక జాగ్రత్త. 'ఏడు తరాలు' చదివి, అందులోని ప్రతి తేదీనీ, ప్రతి పేరునూ చరిత్రగా పరీక్షలో రాసేవాళ్లు ఉండేవారు. హేలీ చెప్పిన వంశవృక్షాన్ని తర్వాత చాలామంది పరిశోధకులు ప్రశ్నించారు. తన నవలలోంచి భాగాలు వాడుకున్నాడని హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత వేసిన దావా 1978లో డబ్బు చెల్లించి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి నవలల బీరువాలో పెట్టిన లైబ్రేరియన్ ఆ మేరకు తప్పు చేయలేదు. బానిస ఓడల మీద, వేలాల మీద ఉన్న దాఖలా వేరు, కుంటా కింటే కుటుంబ కథ వేరు. మొదటిదానికి చరిత్ర పుస్తకం చూడాలి, రెండోదాన్ని నవలగా చదవాలి.

అనువాదాల్లో పెద్ద చిక్కు మాటల దగ్గరే వస్తుంది. ఇంగ్లీషులో రేస్ అనే మాటకు తెలుగులో జాతి అంటాం. అదే జాతితో జాతీయ జెండా, జాతీయోద్యమం అంటాం. ఆవుల్లోనూ జాతి అంటాం, వజ్రాల్లోనూ జాతి అంటాం. వర్ణ వివక్ష అంటే ఇంకా తికమక. వర్ణం అంటే రంగూ అదే, నాలుగు వర్ణాలూ అదే. దక్షిణాఫ్రికా మీద పాత తెలుగు వ్యాసాలు చదివేటప్పుడు 'వర్ణ' అని కనిపించిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, ఇక్కడ తోలు రంగా, పుట్టుకా అని చూసుకోవాలి. కొందరు అనువాదకులు దీన్నుంచి తప్పించుకోవడానికి నల్లజాతి, తెల్లజాతి అని రాశారు, అది కొంత మేలు. అరవైల నాటి పుస్తకాల్లో నీగ్రో అని ఉంటుంది. అప్పటికి అది మామూలు వాడుక, ఇప్పుడు రాస్తే తప్పు. పాత పుస్తకంలో దాన్ని కొట్టేసి పైన వేరే మాట రాసిన ప్రతులు కూడా కనిపిస్తాయి. అలా దిద్దకూడదు, ఏ కాలం ఏ మాట వాడిందో కూడా చరిత్రే.

హైదరాబాద్ రాజ్యంలో ఆఫ్రికా మనిషికి సొంత మాట ఉంది, హబ్షీ. హబ్సిగూడ పేరులో ఉన్నది అదే. సిద్దీలు అన్నా వాళ్లే. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు విని ఏసీ మిషన్ల సంగతేమో అనుకునే పిల్లలున్నారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఆఫ్రికా సంతతి సిద్దీల గుర్రపు పటాలం. దాని మొదలు వెతికితే దారి మన వనపర్తికి వస్తుంది. వనపర్తి సంస్థానం రాజు దగ్గర ఉన్న సిద్దీల దళమే తర్వాత నిజాం కొలువులో చేరింది. ఆఫ్రికా మనిషి గురించి చదవడానికి పాలమూరు పాఠకుడు అట్లాంటిక్ దాకా పోనక్కర్లేదు. అయినా సంస్థానాల చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఒకటి రెండు వాక్యాల్లో దాటిపోతుంది. గద్వాల కోట గోడల పొడవు మాత్రం గజాలతో సహా ఉంటుంది.

చరిత్ర బీరువాలో ఎక్కువ నలిగినవి తెలంగాణ సాయుధ పోరాటం పుస్తకాలు. వీటిని చదవడంలో పాఠకులు పడే తిప్పలు ముఖ్యంగా మూడు. మొదటిది ఫసలీ. నిజాం రాజ్యపు కాగితాలన్నీ ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. అది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. అందుకే ఒకే అంకె కలిపితే కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591. భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ అంటే 1907. జాగీర్ల రద్దు 1358 ఫసలీ, జరిగింది ఆగస్టులో, కాబట్టి 1949. ఇది తెలియక అన్నింటికీ 590 కలిపి, జాగీర్లు 1948లోనే పోయాయని రాసిన నోట్సులు ఎన్ని తిరిగాయో. పోలీసు చర్య సెప్టెంబరు 1948లో గదా, దానికి ముందే జాగీర్లు ఎట్లా పోతాయని ఒక్కసారి ఆలోచించినా తప్పు దొరుకుతుంది.

రెండోది హద్దులు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది. ఆ తాలూకా తర్వాత వరంగల్‌కు పోయింది, ఇప్పుడు జనగామే ఒక జిల్లా. చాకలి ఐలమ్మ పాలకుర్తి సంగతీ అంతే. పాత పుస్తకంలో నల్లగొండ అని ఉంటే ఇవాళ్టి పటం పెట్టుకుని వెతకొద్దు, సూర్యాపేట, యాదాద్రి, జనగామ కలిపిన నల్లగొండను ఊహించుకోవాలి. మునగాల ఇంకా విచిత్రం. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మునగాల మాత్రం కృష్ణా జిల్లాలో భాగంగా ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో. పక్క ఊరికి నడిచిపోతే రాజ్యం దాటినట్టే. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి తెలుగులో చరిత్ర పుస్తకాలకు తోవ వేసిన కొమర్రాజు లక్ష్మణరావు ఆ మునగాల రాజా దగ్గరే దివానుగా పనిచేశాడు. అంటే తెలుగు చరిత్ర బీరువా పునాదుల్లో ఒక రాయి ఈ వైపుదే.

మూడో తిప్ప, ఎవరి పుస్తకం చదువుతున్నామో తెలియకపోవడం. రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలూ, పుచ్చలపల్లి సుందరయ్య 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు' ఒకే పోరాటం మీదివి. కానీ 1948 సెప్టెంబరు తర్వాత తుపాకి దించాలా, వద్దా అన్న దగ్గర ఇద్దరి తోవలు చీలాయి. పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డి ఆ మూడేళ్ల గురించి ఒక తీరుగా చెబుతాడు, సుందరయ్య ఇంకో తీరుగా. ఒక్కటే చదివి అదే చరిత్ర అనుకుంటే సగం చదివినట్టు. ఈ రెండింటికీ పక్కన పెట్టాల్సింది స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. మల్లు స్వరాజ్యం లాంటి ఆడవాళ్లు నోటితో చెప్పింది చెప్పినట్టు అచ్చేశారు. మగవాళ్ల పుస్తకాల్లో దళాలు, దాడులు, తీర్మానాలు ఉంటే, ఇందులో బాలింతను అడవిలో ఎట్లా దాచారు, దళంలో అన్నం ఎవరు వండారు, పోరాటం అయిపోయినంక ఇంటికి రానిచ్చారా లేదా అనేవి ఉంటాయి. దీన్ని వేగంగా చదివితే ఏమీ పట్టుబడదు. మాటల్లో వెనకా ముందూ అవుతుంది, తేదీలు కలిసిపోతాయి. ఒక కాగితం మీద ఊరి పేరు, తాలూకా రాసుకుంటూ చదివితే సుందరయ్య పుస్తకంలోని సంఘటనతో జోడు కుదురుతుంది.

ఇక ఆటలు. తెలుగులో ఆటల మీద నిలబడే పుస్తకం తక్కువ. స్టేడియాలు లేకపోవడం వల్ల కాదు, ఆటల గురించి రాసేది చదువు కాదన్న చిన్నచూపు వల్ల. ఈ రాజ్యంలో ఆటగాళ్లకేం కొదవ? ఏడు ఆటలు ఆడి రెయిన్‌బో హాదీ అనిపించుకున్న సయ్యద్ మహ్మద్ హాదీ, రంజీ ట్రోఫీ చరిత్రలో మొదటి సెంచరీ కొట్టింది హైదరాబాద్ తరఫునే. సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చింది. ఆ జట్టును తయారుచేసిన కోచ్ ఎస్.ఎ. రహీం, 1956 ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962 ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చాడు. వీళ్ల మీద ఆటల అరలో వెతికితే క్విజ్ పుస్తకాల్లో ఒక్కో లైను దొరికేది.

ఉన్న రూల్సు పుస్తకాలకు వయసు తొందరగా మీదపడుతుంది. చరిత్ర పుస్తకం పాతబడినా ఒక సాక్ష్యంగా పనికొస్తుంది. పాత రూల్సు పుస్తకం చేతబట్టి గ్రౌండులో ముగ్గు పోస్తే మాత్రం పంచాయితీయే. పాత కబడ్డీ పుస్తకంలో మగవాళ్ల కోర్టు 12.5 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఇప్పుడు పొడవు 13. నడుమ గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ మరో మీటరు. వాలీబాల్‌లో సర్వీసు ఉన్నవాళ్లకే పాయింటు, 15కు గేమ్ అని ఉంటే అది తొంభైల చివర్లో పోయిన పద్ధతి, ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటు, 25కు సెట్టు. షటిల్ 2006లో 15 నుంచి 21కి మారింది. ఫుట్‌బాల్‌లో సొంత ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టొచ్చని ఉంటే ఆ పుస్తకం 1992కు ముందుది. ఈ నాలుగూ చూస్తే చాలు, అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీ చిరిగిపోయినా పుస్తకం వయసు చెప్పొచ్చు.

ఆటల అరలో ఇంగ్లీషువి కొన్ని అసలు ఆటల పుస్తకాలే కావు. ట్రినిడాడ్‌కు చెందిన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో హైతీ బానిసల తిరుగుబాటు చరిత్ర రాశాడు, 1963లో క్రికెట్ మీద 'బియాండ్ ఎ బౌండరీ' రాశాడు. ఒకటి చరిత్రలో, ఒకటి ఆటల్లో. రాసిన చేయి ఒకటే, అడిగిన ప్రశ్నా ఒకటే. జట్టు నిండా నల్లవాళ్లే ఉన్నా వెస్టిండీస్‌కు తెల్లవాడే కెప్టెన్ ఎందుకుండాలని 1960లో పత్రికలో పోరాడింది ఆయనే. ఆ తర్వాతే ఫ్రాంక్ వొరెల్‌కు పూర్తి సిరీస్ కెప్టెన్సీ దక్కింది. క్రికెట్ తెలియనివాళ్లు జేమ్స్‌ను చదవాలంటే ముందు చివరి భాగంలో వొరెల్ అధ్యాయం చదివి, తర్వాత మొదటికి రావాలి. మొదట్లో బడి, ఇంగ్లీషు నవలలు, ఊరి గ్రౌండు పక్కన కిటికీ అన్నీ కలగలిసి వస్తాయి. ఎటు పోతున్నాడో తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు.

రామచంద్ర గుహ 2002లో రాసిన భారత క్రికెట్ చరిత్ర, 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్', మన ప్రశ్నను మన గడ్డ మీదికి తెస్తుంది. అందులో పాల్వంకర్ బాలూ ఉన్నాడు. దళిత కుటుంబం. పుణెలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, నెట్లు కడుతూ నెలకు 4 రూపాయలకు పనిచేసినవాడు. ఎడమచేతి స్పిన్నుతో వాళ్లకే బంతులేసి వేసి ఆరితేరాడు. హిందూ జట్టు అతన్ని మైదానంలోకి రానిచ్చింది, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో పోసింది. 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసి కూడా కెప్టెన్ కాలేకపోయాడు. తమ్ముడు విఠల్‌కు ఆ కెప్టెన్సీ 1923లో వచ్చింది. 1937 ఎన్నికల్లో బాలూ అంబేడ్కర్ మీదే పోటీ చేసి ఓడాడు. ఈ చివరి సంగతి విని ముఖం ముడుచుకునేవాళ్లు 1932 పూనా ఒప్పందం మీద సంతకాల దాకా వెనక్కి వెళ్లి చదవాలి, అప్పుడే అతని రాజకీయం అర్థమవుతుంది. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన జిల్లాలో ఆ మట్టి ముంతకు వివరణ అక్కర్లేదు.

ఒలింపిక్స్ పుస్తకాల్లో కట్టుకథలు ఎక్కువ. 1936 బెర్లిన్‌లో జెస్సీ ఓవెన్స్ 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్ జంప్, 400 మీటర్ల రిలే కలిపి నాలుగు బంగారు పతకాలు తెస్తే హిట్లర్ చేయి కలపలేదని ప్రతి చిన్న పుస్తకంలోనూ ఉంటుంది. క్రమం చూడాలి. మొదటి రోజు, ఆగస్టు 2న హిట్లర్ కొందరు విజేతలను పిలిపించుకున్నాడు, నల్లజాతి హైజంపర్ కార్నీలియస్ జాన్సన్ గెలిచే వేళకు వెళ్లిపోయాడు. ఇస్తే అందరికీ ఇవ్వు, లేదా ఎవరికీ వద్దని ఒలింపిక్ కమిటీ చెప్పాక మానేశాడు. ఓవెన్స్ మొదటి పతకం ఆ మర్నాటిది. ఓవెన్స్‌కు జరిగిన అసలు అవమానం ఇంటికి తిరిగొచ్చాకే. సొంత దేశపు అధ్యక్షుడి నుంచి అభినందన రాలేదు, బతుకుతెరువుకు గుర్రాలతో పరుగు పందేలు ఆడాల్సొచ్చింది. మనిషిని గుర్రం పక్కన నిలబెట్టి టికెట్టు అమ్మడం కోడిపందేనికి ఎంత దూరం? అదే బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు ఆగస్టు 15న జర్మనీని 8–1తో ఓడించింది. వాన పడి ఫైనల్ ఒకరోజు వాయిదా పడకపోతే ఆ తేదీ కుదిరేది కాదు. పోటీలకు ముందు ఆడిన ఆటలో అదే జర్మనీ చేతిలో మనవాళ్లు ఓడారన్న సంగతి చాలా పుస్తకాలు మింగేస్తాయి.

1968 మెక్సికో ఫోటో మీదా ఒక కిటుకు ఉంది. 200 మీటర్ల పతకాల గద్దె మీద టామీ స్మిత్ కుడిచేయి, జాన్ కార్లోస్ ఎడమచేయి నల్ల తొడుగులతో ఎత్తారు. కార్లోస్ తన తొడుగులు మరిచిపోతే, స్మిత్ జతనే చెరొకటి వేసుకోమన్నది రెండో స్థానంలో నిలబడ్డ ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్. మొదటి స్థానం గద్దె మీదివాడి ఎడమచేయి లేచి ఉంటే బ్లాకు తిరగేసి అచ్చేశారని అర్థం. దక్షిణాఫ్రికా సంగతికొస్తే మన పాఠకులకు డేవిస్ కప్పు గుర్తుండాలి. 1974 ఫైనల్లో, జాతి వివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో ఆడేది లేదని భారత్ కప్పునే వదులుకుంది. అదే దక్షిణాఫ్రికా వెలి తొలగి మొదటి వన్డే ఆడింది 1991 నవంబరులో, కలకత్తాలో.

స్పోర్ట్‌స్టార్ పత్రిక ఒకటుండేది బల్ల మీద, నడుమ పోస్టర్ లేకుండా. పోస్టర్ కోసం పిన్నులు విప్పితే నడిమి ఆకులన్నీ ఊడతాయి, వారం తిరిగేసరికి పత్రిక సగమయ్యేది.

పాత ప్రతులు ఇప్పటికీ దొరుకుతాయి, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, జిల్లా కేంద్రాల్లో పాత పేపర్ల కొట్లలో. కొనేముందు ఫారాలు, అంటే ఒక్కో పెద్ద కాగితం మడిచి కుట్టిన కట్టలు, లెక్కపెట్టాలి. డెమీ సైజు తెలుగు పుస్తకంలో ఫారానికి 16 పేజీలు. 1, 17, 33, 49 పేజీల అడుగున చిన్నగా ఫారం నంబరు ఉంటుంది. 16 తర్వాత 33 వస్తే ఒక ఫారం పోయింది, 17 రెండుసార్లు వస్తే బైండరు తప్పు కుట్టాడు, అలాంటప్పుడు ఇంకో ఫారం ఎక్కడో లేనట్టే. జిగురు బైండింగు పుస్తకాన్ని ఈ జిల్లాల వేసవిలో వెన్ను విరిచి తెరవొద్దు, ఎండిన జిగురు పటుక్కుమని పేజీలు విడిపోతాయి. చిరిగిన పేజీకి సెల్లోటేపు అసలే వద్దు. నాలుగేళ్లకు టేపు రాలిపోయి దాని జిడ్డు పసుపు మరకై అక్షరాల్లోకి దిగుతుంది. మైదా జిగురే మేలు. 100 గ్రాముల మైదాను అర లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద అడుగంటకుండా తిప్పుతూ మైనంలా మెరిసేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు, పిల్లలకు అందకూడదు. చిరుగు మీద తెల్లటి పల్చని కాగితమే అతికించాలి, రంగుదైతే తడికి రంగు దిగుతుంది. వెండిపురుగు తినేది అక్షరాల్ని కాదు, జిగురును. అందుకే మొదట వెన్ను పోతుంది. చెదలు మాత్రం గోడ వెంట వస్తాయి, బీరువాకూ గోడకూ జానెడు ఎడం ఉంటే వచ్చిన బాట కనిపిస్తుంది. వానాకాలం బూజు పట్టిన పుస్తకాన్ని ఎండలో పరిస్తే కాగితం పెళుసెక్కుతుంది. నీడలో ఫ్యాను కింద, ఆకుల నడుమ న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి నిలబెట్టి ఆరబెట్టాలి.

లైబ్రరీ నుంచి తీసేసిన ప్రతి చేతికొస్తే చివరి అట్ట లోపల తేదీల చీటీ చూడండి. అది నిండినప్పుడు కొత్తది పాతదాని మీదే అతికించేవారు. 'ఏడు తరాలు' ప్రతుల్లో ఒకదాని మీద ఒకటి నాలుగైదు చీటీలు అట్టంత మందమైనవి ఉంటాయి. అంచు లేచింది గదా అని పీకొద్దు, కింది చీటీతో పాటు అట్ట కాగితమూ వస్తుంది. తడి గుడ్డను గట్టిగా పిండి పది నిమిషాలు దాని మీద పరిచి ఉంచితే మైదా జిగురు మెత్తబడి ఒక్కో చీటీ దానంతటదే విడివడుతుంది, అన్నింటికన్నా కింద మొదటి తేదీ ముద్ర బయటపడుతుంది.